అచ్చు విప్పే వేళ

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా అమ్మమ్మ పెళ్లిళ్లకు పంచదార చిలకలు పోసి ఇచ్చేది. రెండు సగాలుగా ఉండే చెక్క అచ్చును దారంతో బిగించి, పాకం పోసి, గట్టిపడ్డాక విప్పేది. పోలియోతో ఎడమ కాలు సన్నబడిపోయిన మా చెల్లెలు ఆటలకు వెళ్లలేక ఆ అచ్చుల దగ్గరే కూర్చునేది. అప్పుడు నాకు పదేళ్లు, దానికి ఆరు. నన్ను మా వైపు అలవాటుగా అక్కా అనకుండా అప్పా అనేది.

ఒకరోజు అది ఆగలేక ఒక అచ్చు విప్పేసింది. చిలక మెడ విరిగి చేతికొచ్చింది. సాయంత్రానికి పెళ్లివారు వస్తారు. నేను తిట్టబోతే అమ్మమ్మ నన్ను పక్కకు జరిపి, విరిగిన చిలకను మళ్లీ పాకంలో వేసి కరిగించి పోసింది. మిగిలిన కాస్తా ఆకు దొప్పలో వంచి, కాస్త వేడి తగ్గాక చెల్లెలి ముందు పెట్టింది.

"ఇది నీది పిల్లా. నొక్కి సూత్తుండు. గట్టిపడిందని నువ్వు సెప్తేగానీ నేను అచ్చు విప్పను."

"నేను సెప్పకపోతే?"

"పెళ్లోరు ఉత్త పళ్లెంతో ఎల్తారు. నాకేటి!"

ఆ తర్వాత చెల్లెలు అచ్చుల మీద చేయి వేయలేదు. అమ్మమ్మ కూడా దాన్ని అడగకుండా ఒక్క అచ్చూ విప్పలేదు.

2005 వానాకాలంలో, అదే చెల్లెలు నడవడానికి ఊతంగా కాలికి కట్టుకునే కాలిపర్‌కు మడమ కింది రబ్బరు ముక్క పగిలిపోయింది. ఆ పాత కొలత ఎక్కడా దొరకలేదు. బడ్డీలో కుట్టు మిషన్ పెట్టుకుని బతికే మనిషి మంచానికి అతుక్కుపోయింది. లేపడం, పట్టుకుని నడిపించడం, మళ్లీ పడుకోబెట్టడం నా పని. నాకూ నడుం నొప్పే. ఇద్దరం మాట్లాడుకోవడం కూడా తగ్గించేశాం.

విశాఖలో ఫ్యాక్టరీలో పనిచేసే మా అల్లుడు యూరిథేన్ అనే మందు రెండు చిన్న డబ్బాల్లో తెచ్చాడు. రెండూ సమానంగా తూచి కలిపి అచ్చులో పోస్తే గట్టి రబ్బరవుతుందట. మిషన్లేవీ అక్కర్లేదు, తడి మాత్రం తగలకూడదు అని చెప్పి వెళ్లాడు. పగిలిన ముక్కను అతికించి, దాని చుట్టూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండు సగాల అచ్చు చేశాను. నగల కొట్టువాళ్ల కాటా తెచ్చి తూచాను. అయినా వానలకు అచ్చులో చెమ్మ ఆరలేదు. పోసింది ఇడ్లీలా పొంగి, వేలు పెడితే నలిగిపోయింది.

డబ్బాల్లో ఇంకొక్క ముక్కకే ఉంది. కొత్త అచ్చు చేసి, పొయ్యి పక్కన బాగా ఆరబెట్టి, లోపల వాజిలైన్ రాసి, బుడగలు చేరకుండా సన్నని ధారగా పోశాను. గ్లాసులో మిగిలినదాని కోసం చెల్లెలు అడక్కుండానే చేయి చాపింది.

కాసేపటికి గ్లాసులోది బిగిసిపోయింది.

"అయిపోయిందే. విప్పేత్తాను. నా వల్ల కాదింక," అన్నాను.

"ఆగప్పా. గ్లాసు కాలిపోతంది, అచ్చు సల్లగుంది. ఇక్కడ ముద్దగా ఉంది గాబట్టి వేడెక్కి బిగిసింది. అచ్చులో పలచన, ఇంకా బిగిసుండదు. ఇది పాకం కాదు, రేపు సూద్దాం."

"రేపటిదాకా నిన్ను మొయ్యమంటావేటి?"

"ఇన్నాళ్లూ మోసేవు. ఒక్క రాత్రికి సచ్చిపోవులే."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు అది చెప్పాకే విప్పాను. ముక్క నున్నగా వచ్చింది. అంచు బ్లేడుతో చెక్కి కాలిపర్‌కు అతికించాం. చెల్లెలు కట్టుకుని, నా భుజం పట్టుకోకుండా లేచి గుమ్మం దాకా నడిచింది. గొడుగు తీసుకుని, "బడ్డీకెల్తన్నానప్పా, అన్నం ఉంచు," అని వెళ్లిపోయింది.

చిన్నప్పుడు అమ్మమ్మ దాని అల్లరి మాన్పించడానికే ఆ పని అప్పగించిందనుకున్నాను. ఎవరు ఎక్కువ ఎదురు చూస్తున్నారో వాళ్లనే అడగాలని నేర్పిందని ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు తెలిసింది. ఇప్పుడు ఈ ముసలితనంలో నన్ను పట్టుకుని లేపడానికి ఒక అమ్మాయి వస్తోంది. లేపే ముందు, లేవగలనా అని నన్నే ఒక్క మాట అడగమన్నాను. అడుగుతోంది. ఎంత అలసటగా ఉన్నా, కాళ్లు నేలకు ఆనించి చూసుకుని, ఉన్నదున్నట్టే చెబుతున్నాను.