ఎరుపు చుట్టూ గీత

ఒంటిమీద ఎర్రటి మచ్చ కనబడితే చాలు, దాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైము వెయ్యనిదే అబ్బాయిరాజుగారికి ముద్ద దిగదు. మచ్చ ఎవరిదన్న పట్టింపు లేదు. గణపవరంలో ఆయన దగ్గర సైన్సు చదువుకున్నవాళ్ళు నవ్వి ఊరుకునేవారు. కొత్తగా కాపరానికి వచ్చిన కోడలు భాగ్యశ్రీ మాత్రం ఏడాదిపాటు సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత ఆ సిగ్గును తలుచుకునే ఏడ్చింది.

ఉంగుటూరులో ఆమె పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళి. మామగారు పలకరించడానికని వెళ్ళి, పెళ్ళికొడుకు చెంపమీది మొటిమ చుట్టూ సున్నా చుట్టి 10.40 అని వేసి వచ్చారు. ముహూర్తం 11.12కి. ఆల్బమ్‌లో మాత్రం తాళి కట్టేటప్పుడూ 10.40, భోజనాలప్పుడూ 10.40.

తాడేపల్లిగూడెం బస్సులో డబ్బులకి చెయ్యి చాపిన కండక్టరునీ వదల్లేదు.

"ఇదేంటండీ రాజుగారూ!"

"సాయంత్రం ఇదే బస్సుకి వస్తానండి. ఎరుపు ఈ గీత దాటితే ఆస్పత్రికి వెళ్దామండి."

"దోమ కుట్టిందండీ బాబూ!"

"ఆ సంగతి దోమ చెప్పాలండి. మనం చెప్పకూడదు."

భాగ్యశ్రీ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఎందుకండీ మామయ్యగారూ ఈ గీతలు?"

ఆయన హుషారుగా పాఠం ఎత్తుకున్నారు. "రక్తనాళం లోపల పల్చటి పొర ఉంటుందమ్మా, చెరువుకి గట్టులాగా. బాక్టీరియా చేరగానే ఆ పొర కాస్త సందిచ్చి తెల్లకణాల్ని బయటికి పంపుతుంది. అందుకే ఎరుపు, వేడి, వాపు. అక్కడికక్కడే ఉంటే మంచిదే. ఒళ్ళంతా సందులిచ్చేసిందనుకో, నాళాల్లో నీరు బయటికి కారిపోయి బి.పి. పడిపోతుంది. ఎరుపు పాకుతోందో లేదో గీత లేకపోతే ఎలా తెలుస్తుంది?"

"అందరూ నవ్వుతున్నారండీ."

"నవ్వనీ అమ్మా. నవ్వేవాడికి జ్వరం లేనట్టే కదా."

ఒక గురువారం జెల్ల చేపలు బాగుచేస్తుంటే భాగ్యశ్రీ వేలికి ముల్లు గుచ్చుకుంది. సాయంత్రానికి చెయ్యి వాచింది. మర్నాడు పక్కింట్లో పేరంటం. గీతలు, అంకెలు ఉన్న చేత్తో వాయనం ఎలా పుచ్చుకోను అనుకుని, గుట్టుగా పసుపూ సున్నం కలిపి పట్టు వేసుకుంది. ఆ రెండూ కలిస్తే ఎర్రగా అవుతాయి. అడుగున చర్మం ఏ రంగులో ఉందో ఇక కనబడదు.

తెల్లారేసరికి చలిజ్వరం. కాఫీ గ్లాసు అందిస్తుంటే పట్టు ఆయన కంటపడింది.

"కడుగు! ముందది కడుగు!" అని అరిచారు. ఏనాడూ కోడలితో గట్టిగా మాట్లాడని మనిషి తనే చెంబుతో నీళ్ళు పోశారు. ఎరుపు మణికట్టు దాకా ఉంది. గీత గీసి 7.15 వేశారు. కొడుకు అభినవ్ కారు తీశాడు. భీమడోలు చేరేసరికి ఎరుపు ఆ గీతను రెండు వేళ్ళ మేర దాటింది. అక్కడ ఇంకో గీత గీశారు. ఏలూరులో డాక్టరుగారు రెండు గీతలూ, రెండు టైములూ చూసి వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టించారు. ఇంకో పూట ఆగి ఉంటే ప్రాణానికి పూచీ లేదన్నారు.

మూడోరోజు జ్వరం దిగింది. మంచం పక్కన కూర్చున్న అబ్బాయిరాజుగారు నేలకేసి చూస్తూ అన్నారు.

"మీ అత్తయ్యగారికీ జెల్ల ముల్లేనమ్మా. సైన్సు మేస్టర్ని, పట్టు నేనే వేశాను. పట్టూ ఎరుపే, కిందా ఎరుపే. తగ్గిపోతుందిలే మాణిక్యం అంటూ రెండ్రోజులు కూర్చున్నాను. ఆస్పత్రిలో కడిగితే మోచెయ్యి దాటిపోయి ఉంది."

భాగ్యశ్రీకి దుఃఖం ఆగలేదు. పెళ్ళికొడుకు చెంపలోనూ, కండక్టరు చేతిలోనూ ఆయన చూసింది చనిపోయిన అత్తగారు రత్నమాణిక్యంగారి చేతినేనని అప్పటికి తెలిసింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఇంటిదగ్గర గీసిన మొదటి గీత చూసుకుంది. ఎరుపు వెనక్కి తగ్గి దాని లోపలికి వచ్చేసింది.

"ఈ గీత ఇంత వంకరగా వచ్చిందేంటండీ మామయ్యగారూ?"

"కారు కుదుపులమ్మా" అన్నారాయన.

ఆ గీత గీసేటప్పటికి ఇంకా కారే ఎక్కలేదు.

"అవునండీ, ఆ రోడ్డు అంతేనండీ" అంది భాగ్యశ్రీ.