ఇద్దరు తక్కువైన సభ

మొన్న నారాయణగూడలో కళ్లజోడు బాగు చేయించుకుని వస్తూ, అశోక్‌నగర్ సందులో ఒకప్పుడు మా సంఘం అద్దెకున్న మేడ ముందు కాసేపు నిలబడ్డాను. పైన ఇప్పుడు పోటీ పరీక్షల కోచింగ్ నడుస్తోంది. ఆ మెట్లు చూడగానే 2011 నాటి ఒక ఉదయపు గాభరా మళ్లీ నా గుండెలోకి వచ్చింది.

సామాజిక మానవశాస్త్రం చదివి, పల్లెలూ గూడేలూ తిరిగి, మనుషులు ఎలా బతుకుతారో రాసేవాళ్ల సంఘం మాది. తేదీలూ లెక్కలూ తప్పనివ్వదని నన్ను కార్యదర్శిని చేశారు. వరుసగా రెండు సర్వసభ్య సమావేశాలకు కోరం, అంటే ఉండాల్సినంత మంది సభ్యులు, లేకపోతే సంఘం రద్దయి, మేం కూడబెట్టుకున్న పుస్తకాలన్నీ వేరేవాళ్లకు పోవాలని నిబంధన. మొదటిది బంద్ వల్ల జరగలేదు, ఇది రెండోది. పదకొండింటికి సభ, ఆపైన అరగంట గడువు.

పావుగంట గడిచినా ఇంకా ఇద్దరు తక్కువ: నాకు చదువు చెప్పిన మా అధ్యక్షుడు, ఆయనతో కలిసి వస్తున్న కోశాధికారి. ఫోన్లు ఎత్తరు. చిక్కడపల్లి వైపు విద్యార్థుల ఊరేగింపు ఉందని విని, కుచ్చిళ్లు పట్టుకుని గబగబా దిగాను. సందు మలుపులో చాయ్ బండి దగ్గర, ఊరేగింపు నుంచి పక్కకు వచ్చిన ఒక హాస్టల్ అమ్మాయి తన ఊరి సంగతీ, తండ్రి కౌలు సేద్యం సంగతీ, రాని ఉద్యోగ నోటిఫికేషన్ల సంగతీ చెబుతుంటే, ఇద్దరూ లోకం మరిచి వింటున్నారు. చెప్పే మనిషిని మధ్యలో ఆపకూడదు, ఆమె ఎదుట గడియారం చూడకూడదు. మా పనిలో మొదటి పాఠం అది, ఎందరికో నేనే నేర్పాను. నోటిదాకా వచ్చిన మాట మింగి నేనూ అక్కడే నిలబడిపోయాను. చివరికి ఆ అమ్మాయే నా ముఖం చూసి, "ఏంది మేడం, పరేషాన్‌ల ఉన్నరు, మీకు లేట్ అయితున్నదా?" అన్నాక గానీ ముగ్గురం కదల్లేదు.

మెట్లెక్కేసరికి గడువు దాటింది. కొద్ది నిమిషాలే కదా, పదకొండున్నరకే మొదలైందని రాసెయ్యమని అందరూ బతిమాలారు. నేను మినిట్స్ పుస్తకం తెరిచి, అధ్యక్షుడి వైపు చూశాను. అధ్యక్షుడు కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకుని, మెల్లగా అన్నారు.

"చూసింది చూసినట్టు రాయాలని నీకు నేనే చెప్పిన గదమ్మా. ఇది గూడ గట్లనే రాయి."

రాశాను. సంఘం రద్దయింది, పుస్తకాలు ఆటో ట్రాలీల్లో అడిక్‌మెట్ వైపు, వాటిని తీసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. తర్వాత చిన్నవాళ్లు కొత్త సంఘం పెట్టుకున్నారు. సభలన్నీ కంప్యూటర్ తెర మీదే. పిలిచిన నిమిషానికి అందరి పేర్లూ వెలుగుతాయి, కోరానికి ఏనాడూ లోటు లేదు. నేనూ హాజరవుతాను. కానీ దారిలో ఎవరి మాటకో ఆగిపోయి ఆలస్యంగా వచ్చేవాళ్లు ఒక్కరూ కనబడరు. సభకు రావడానికి ఇప్పుడు దారంటూ లేదు.