పోపు వాసన పెద్దనాన్న ఇంటి దాకా

ఒమాన్‌లోని సహం అనే ఊళ్ళో మా కింది వాటాలో, ఇంటి ఓనరు కుటుంబానికి వంట చేసే ఆపా పోయిన నెలలో చనిపోయింది. పొద్దున టీ పెట్టడానికి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. సొంతూళ్ళో ఉన్న పిల్లలను ఫోనులో అడిగి, ఇక్కడే ఖననం చేశారు. మావారు వెళ్ళి వచ్చారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. నాకంటే కాస్త పెద్దది కాబట్టి అలా పిలిచేదాన్ని. ఆమె నన్ను, ఎంత వద్దన్నా, అమ్మా అనేది. కడప వైపు ఒక చిన్న టౌను ఆమెది. లారీ నడిపే భర్త ప్రమాదంలో పోయాడు. అప్పటికి కూతురికి పన్నెండేళ్ళు, కొడుకు ఇంకా చిన్నవాడు. చూపు సరిగా ఆనని తన తల్లిని వాళ్ళకు తోడు పెట్టి, ఇక్కడికి వచ్చింది.

ఒమానీ ఇంట్లో యజమానురాలిని పనివాళ్ళు మామా అంటారు. "మా ఊర్లో మామా అని పిలిస్తే మీసాలుండాల" అని నవ్వేది ఆపా.

వంటగది పెరట్లో విడిగా ఉంటుంది. అక్కడ సిగ్నలు అందదు. మా వైఫై వెనక మెట్ల మలుపు దాకా వస్తుంది. ఇక్కడ ఇంకా ఎండ ఉండగానే వాళ్ళ ఊళ్ళో చీకటి పడేది. ఆ వేళకి వచ్చి మలుపులో కూర్చునేది. కూతురు కనబడగానే తిన్నావా, చదివావా అని అడిగేది కాదు.

"పెహ్లే హండీ దిఖా" అనేది. ముందు గిన్నె చూపించు అని.

అమ్మాయి ఫోనును గిన్నె మీదికి వంచేది. ఆవిరి చూసి, బుడగలు చూసి, ఆపా సహం నుంచే మంట తగ్గించేది. నేను ఇంటి ఖర్చు ఏ రోజుది ఆ రోజు రాసుకునే మనిషిని, బియ్యం కూడా గ్లాసుతో కొలుస్తాను. ఆగలేక ఒకరోజు అడిగాను.

"కొలతలు రాయించేస్తే సరిపోతుంది కదా ఆపా, రోజూ ఈ చూపించడం ఎందుకు?"

"రాసిస్తే వాళ్ళే వండుకుంటారమ్మా. అప్పుడు నేనేం సేయాల?"

అదే వీధిలో ఉండే పిల్లల పెద్దనాన్న అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. ఆ ఇల్లు మూసేద్దాం, ఆడపిల్ల మా దగ్గరుంటుంది, పిల్లవాణ్ణి మేనమామ ఇంటికి పంపుదాం అని. చెడ్డవాడేమీ కాదు. ఆపా నెమ్మదిగా "మీరెట్ట చెప్తే అట్టనే, ఆలోచిస్తా" అనేది. పెట్టేసి వెంటనే కూతురికి చేసేది. తర్వాత నాకు తెలుగులో చెప్పేది.

"పప్పులో ఇంకో రెండు ఎండుమిరపకాయలు ఎక్కువెయ్యమన్యా. పోపు వాసన పెద్దనాన్న ఇంటి దాకా పోవాల. పొయ్యి సల్లారిన ఇల్లు ఎవురిదైనా అయితాదమ్మా."

ఆమె కోపంగా మాట్లాడటం నేను వినలేదు. పిల్లలను మాత్రం విడదీయనివ్వలేదు.

ఒకసారి ఆమె ఫోను బకెట్లో పడింది. అది బాగయ్యే దాకా పిల్లలు నాకే చేసేవారు. అలా నా నంబరు వాళ్ళ దగ్గర ఉండిపోయింది.

మొన్న సాయంత్రం ఫోను మోగింది. మనిషి కనబడలేదు, గిన్నె కనబడింది.

"ఆంటీ, దించొచ్చునా చూడండి."

ఆ పిల్లకిప్పుడు డిగ్రీ అయింది, మందుల షాపులో పని చేస్తోంది. వండటం రాక అడగలేదని తెలుస్తూనే ఉంది. నాకేమో చూపుతో చెప్పడం రాదు.

"గ్లాసుకు నీళ్ళెన్ని పోశావమ్మా?"

"అమ్మీ ఎప్పుడూ ఆ మాట అడగల్యా" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. గిన్నె మీద మూత పెట్టి చెప్పింది. పెద్దనాన్న వచ్చి వెళ్ళాడట. ఇక ఇల్లు మూసేద్దాం అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"మీరెట్ట చెప్తే అట్టనే, ఆలోచిస్తా అన్నా."

పక్క పొయ్యి మీద మిరపకాయలు చిటపటలాడుతున్నాయి. అమ్మమ్మ దగ్గు వినబడింది. లోపలి గదిలోంచి తమ్ముడు అరిచాడు.

"ఆపా! ఖిడ్కీ ఖోల్!"

ఆ పిలుపుకు నేను చటుక్కున మెట్ల వైపు చూశాను. మలుపులో ఎవరూ లేరు. ఫోనులో అమ్మాయి లేచి, వీధి వైపు కిటికీ తెరిచింది. ఘాటు పొగ ఒక్కసారి వంగి, బయటికి నడిచింది.