గేర్ల బాబాయి ఎడమచెయ్యి

గేర్లు లేని స్కూటరును బాబాయి బండి కింద జమకట్టడు. ఎదురుగా అలాంటిది వస్తే "కుట్టుమిషను వస్తోంది, జరగండి" అంటాడు. ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్న ఆయన షెడ్డుకు ఎవరైనా అలాంటిది తోసుకొస్తే, "దర్జీ దుకాణం పక్క సందులో" అని మర్యాదగా దారి చూపిస్తాడు.

ఒకసారి ఆయనకు జ్వరమొచ్చింది. డాక్టరు గేర్లు లేని స్కూటరు దిగడం కిటికీలోంచి చూసి దుప్పటి ముసుగేశాడు.

"ఎడమకాలికి పని చెప్పని మనిషికి వైద్యమేం తెలుస్తుందే?"

"మీకొచ్చింది జ్వరం, కాలినొప్పి కాదు. చెయ్యి ఇవ్వండి," అంది పిన్ని.

ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసే అన్న కూతురికి బండి నేర్పింది ఈ బాబాయే. క్లచ్చు పట్టు, గేరు మార్చు, క్లచ్చు వదులు అంటూ ఆమె ప్రాణం తోడేశాడు. ఆ పిల్ల మెట్ల మీద జారి ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ, గేరు మార్చడానికి పాదం పైకి లేవడం లేదు. సోమవారం బండి నడిపి చూపిస్తే సరే, లేదంటే లోపల కూర్చుని ముద్రలు కొట్టుకోమన్నాడు ఆఫీసరు. ఎనిమిదేళ్లుగా వీధులన్నీ తనవే అన్నట్టు తిరిగిన మనిషికి ఆ కుర్చీ తలుచుకుంటేనే ఊపిరాడలేదు. గేర్లు లేని బండి ఒక్కటే దారి. ఆ మాట బాబాయితో అనడానికి మాత్రం నోరు రాలేదు.

గురువారం పొద్దున్నే స్నేహితురాలి స్కూటరు అడిగి తీసుకుని, ఎవరూ చూడకుండా గోదాము వెనక ఖాళీ స్థలానికి మెల్లగా నడిపించుకుంటూ వెళ్లింది. అక్కడ అప్పటికే ఎవరో హెల్మెట్ పెట్టుకుని అలాంటి స్కూటరు మీదే తంటాలు పడుతున్నారు. బండి నాలుగు బారలు పోవడం, గక్కున ఆగడం, మనిషి హ్యాండిల్ మీదికి తూలడం. మోచేతికి కట్టు. ఆ లుంగీ ఎవరిదో ఆమెకు తెలుసు.

"బాబాయ్, నువ్వా?"

"నేను కాదు," అన్నాడు బాబాయి.

ఇక దాచి లాభం లేదని హెల్మెట్ తీశాడు.

"నీ బండి సీటు మీద అంగుళం మందాన దుమ్ముంది. నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "వారం నుంచి పడుతున్నా. మలుపు రాగానే ఎడమచెయ్యి క్లచ్చనుకుని పట్టేస్తోంది. దీనికి అక్కడుండేది బ్రేకు. నీ చేతికి ఆ అలవాటు చేసింది నేనే కదా. పడేదేదో ముందు నేను పడితే, నీకు దెబ్బ తగలకుండా చెప్పొచ్చని."

ఇన్నాళ్లూ గుండెల మీదున్న బరువు ఒక్కసారిగా దిగి ఆమెకు నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. బాబాయి అవేం పట్టించుకోకుండా ఎడమవైపు బ్రేకుకు గరుకు పురికొస చుట్టాడు.

"వేలికి గుచ్చుకుంటే బ్రేకని గుర్తు. ఎక్కు."

సోమవారం ఆఫీసు ఆవరణలో ఆమె రెండు చుట్లు తిరిగి, గీత దగ్గర మెత్తగా ఆపింది. ఆఫీసరు ఉత్తరాల సంచీ ఆమె భుజానికి తగిలించి, ఇంత బాగా నేర్పిందెవరని అడిగాడు. ఆమె గేటు దగ్గర నిలబడ్డ బాబాయిని చూపించింది.

"మా గుమాస్తాకూ మోకాలు బాగాలేదు. అతనికీ నేర్పుతారా?" అన్నాడు ఆఫీసరు.

బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పొద్దున ఆరింటికి గోదాము వెనక్కి రమ్మనండి. షెడ్డుకు మాత్రం వద్దు, నలుగురూ చూస్తారు."