ఓటుకు చోప్ పెట్టిన ఉదయం

సింగపూర్ పౌరసత్వం వచ్చాక నా మొదటి ఓటు యీషున్‌లో. పొద్దున్న ఏడుంబావుకే మా బ్లాక్ కిందున్న పోలింగ్ కేంద్రానికి దిగాను. భక్తితో కాదు, తొందరగా ముగించుకుని సెలవు రోజు హాయిగా పడుకుందామని. తలుపులు తీసేది ఎనిమిదికి. అప్పటికే వరుసలో మొదట మా పక్క ఫ్లాట్ ఆంటీ నిలబడి ఉన్నారు. ముత్తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఎనభై దాటిన మనిషి, పట్టుచీర కట్టుకుని, పోలింగ్ కార్డు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

ఇక్కడ హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే. దాన్నే చోప్ అంటారు, తిండిని మకాన్ అన్నట్టే. నేనూ ఆంటీ వెనకాల నేల మీద ఒక ప్యాకెట్ పెట్టి కాఫీకి బయల్దేరాను. ఆంటీ వెనక్కి తిరిగారు.

"ఏమయ్యా, ఇదేమన్నా మకాన్ టేబులా, చోప్ పెట్టడానికి? తియ్యి. నిలబడు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పక్కనే పెద్దవాళ్ళ కోసం వేసిన కుర్చీలు చూపించాను. "మీరైనా కూర్చోవచ్చు కదా ఆంటీ!"

ఆంటీ కుర్చీల వైపు చూడనైనా లేదు.

"మేమున్న పేటలో ప్రతిసారీ ఒక్క పార్టీయే నామినేషన్ వేసేది. పోటీ లేదు, ఓటూ లేదు. మొదటి ఓటు వేసేనాటికి నాకు అరవై దాటినయ్. అన్నేళ్ళూ కూర్చునే ఉన్నానయ్యా."

నేను వంగి ప్యాకెట్ తీసుకుని ఆమె వెనక నిలబడ్డాను.