పావు వంతు తగ్గిన మనిషి

మీటరాయనకున్న గుణం ఒక్కటే. ఎవరు ఏ మందు చెప్పినా కాదనడు. చెప్పింది డాక్టరా, పాలు పోసే మనిషా, దారిన పోయే దానయ్యా అని చూడడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నూరుకుంటాడు, పూసుకుంటాడు, మింగుతాడు. ఆ తర్వాత వాళ్ళెదురుపడి "ఎలా ఉంది?" అనడమే ఆలస్యం, మొహం చేటంత చేసుకుని ఒకే మాట చెప్తాడు.

"పావు వంతు తగ్గిందండీ!"

సగమనడు, ముప్పావనడు. సగమంటే నమ్మరని, అసలేమీ తగ్గలేదంటే చిన్నబుచ్చుకుంటారని ఆయన లెక్క.

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకోవడం ఆయన ఉద్యోగం. అక్కడ మాత్రం మహా నిక్కచ్చి. చివరి అంకె ఇటా అటా అన్నట్టు మధ్యలో ఉంటే, అది పూర్తిగా తిరిగేదాకా గోడ పక్కన కాపలా కాసేవాడు. అలాంటి మనిషి తన ఒంటి సంగతి దగ్గరికొచ్చేసరికి అలా అబద్ధపు అంకె చెప్పడం ఆయన భార్యకు మింగుడుపడేది కాదు. ఆవిడ బడిలో లెక్కలు చెప్తుంది. అందరూ టీచరుగారూ అంటారు. ఇంట్లో ఆయనా అదే పిలుపు.

"ఇప్పటికి ఎన్ని మందులు వాడారు?" అని ఒకసారి నిలదీసింది.

"నలభై మూడు, టీచరుగారూ."

"ఒక్కోదానికీ పావు చొప్పున ఎంతయింది?"

ఆయన వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "పది ముప్పావు."

"అంటే పదిమందికి పూర్తిగా నయమై, పదకొండోవాడికి కాస్త మిగలాలి. మరి మీ ఒక్కరి ఒళ్ళు ఇలా ఎందుకుందండీ?"

ఆయన నవ్వి, మోచేయి గోక్కున్నాడు.

ఆ దురద పద్నాలుగేళ్ళ కిందట మొదలైంది. ఒక ఉదయం ఎవరింట్లోనో మెట్ల కింద వంగి మీటరు చూస్తుంటే ఎడమ మణికట్టు దగ్గర జిల పుట్టింది. చీమేదో కుట్టిందనుకున్నాడు. సాయంత్రానికి రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ తేలింది. నెల తిరిగేసరికి మోచేతులు, మోకాళ్ళు, వీపు, మెడ. ఎక్కడ చూసినా దద్దుర్లు, పొట్టు, పగుళ్ళు. రక్తం తీశారు, ఏమీ లేదన్నారు. చర్మం ముక్క కోసి చూశారు, ఏమీ తేలలేదన్నారు. తిండి మార్చారు, సబ్బు మార్చారు, పరుపు మార్చారు. చివరికి ఒక పెద్ద డాక్టరు కాగితం మీద పొడుగాటి పేరు రాశాడు. దానర్థమేంటని టీచరు అడిగితే, "కారణం తెలియని దురద అని" అన్నాడు.

"అది మేం వచ్చేటప్పుడే చెప్పాం కదండీ," అంది టీచరు.

ఇక చూడండి, ఊళ్ళో వైద్యులకు కొదవేముంది! ఆయన నెలకు ఆరువందల గడపలు ఎక్కే మనిషి. గడపకో మందు. పైగా వచ్చే నెల మళ్ళీ అదే ఇంటికి వెళ్ళి జవాబు చెప్పుకోవాలి.

వీధి చివర రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒంటరిగా ఉండేవాడు. ఆయన మందు వెల్లుల్లి రసం. ఒంటికి తనే పట్టించి, వరండాలో అటెన్షన్‌లో నిలబెట్టేవాడు. "ఇరవై నిమిషాలు కదలకూడదు! కదిలావా, మందు పనిచెయ్యదు!" ఒళ్ళంతా నిప్పులు పోసినట్టు మండుతుంటే మీటరాయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చేతులు నిటారుగా దించుకుని నిలబడేవాడు. మాస్టారు గడియారం చూసి "విశ్రామ్!" అనేవాడు. ఇంటికొచ్చేసరికి వీపంతా బొబ్బలు. ఆ నెలలో తొమ్మిది రోజులు బోర్లా పడుకున్నాడు. పదో రోజు మాస్టారు గుమ్మం దగ్గరికే వచ్చి "ఏమోయ్?" అన్నాడు.

"పావు వంతు తగ్గిందండీ!"

టీచరు లోపల గిన్నె ఎత్తి పడేసింది.

మరొకావిడ కిరసనాయిలు చెప్పింది. ఆ వారం టీచరు ఆయన్ని పొయ్యి గదిలోకి రానివ్వలేదు, దీపం దగ్గరికి రానివ్వలేదు, అన్నం పెరట్లో పెట్టింది. ఇంకొకరు ఏటి మట్టి అన్నారు. అది ఆరి బిగుసుకుపోయి, మీటరు చూడడానికి మెడ తిప్పితే పెచ్చులుగా రాలేది. నెలాఖరుకి సిర్కా, అదే పుల్లటి వెనిగరు, వంతు. ఆఫీసులో కాలెండరు చూడకుండా ఆయన వాసన చూసి ఏ వారమో చెప్పేవారు. "సిర్కా వాసనొస్తోందంటే జీతాలు దగ్గరపడ్డాయన్న మాట!"

జనం నవ్వుకున్నారు. ఆయనా నవ్వాడు. కానీ ఆ ఇంట్లో తెల్ల చొక్కా తొడుక్కుని ఎన్నేళ్ళయిందో టీచరు ఒక్కదానికే తెలుసు. వీపున అతుక్కుపోయిన చొక్కాను నీళ్ళతో తడిపి, నెమ్మదిగా ఊడదీసేది ఆవిడే. మరక కనపడదని అన్నీ ముదురు రంగు చొక్కాలు కొనేది. రోజూ పక్క దులిపితే పిడికెడు పొట్టు. గోళ్ళు రక్తం వచ్చేంత పొట్టిగా కత్తిరించుకునేవాడు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన పెరటి గోడకు వీపు రుద్దుకుంటూ, ఆవిడ చూస్తోందని తెలియక, పళ్ళు బిగించి వెక్కి వెక్కి ఏడవడం చూసింది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. కాసేపటికి లోపలికొచ్చి "ఆకలేస్తోంది టీచరుగారూ" అన్నాడు, ఏమీ జరగనట్టు.

పదకొండో ఏడు ఒక ఇంటి గేటుకి అట్టముక్క వేలాడింది. "మీటరు చూసే మనిషి లోపలికి రాకూడదు. అంకె మేమే చెప్తాం." ఆయన గేటు బయట నిలబడ్డాడు. లోపల్నుంచి ఎవరో అంకె అరిచారు. రాసుకున్నాడు. మరుసటి నెల అలాంటి అట్టలు నాలుగయ్యాయి. ఆ తర్వాత ఆఫీసరు పిలిచి, మొహం చూడకుండా, కాగితాలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మీకు ఎండలో తిరగడం కష్టంగా ఉందని విన్నాను. రేపట్నుంచి రికార్డు గదిలో కూర్చోండి."

"నాకేం కష్టం లేదు సార్."

"మాకుంది," అన్నాడు ఆఫీసరు.

కిటికీ లేని గది. పాత రిజిస్టర్లు. మనిషి కనపడడు. ఆరువందల గడపల మనిషికి అదొక జైలు. మూడో రోజు "అంకెలు వాళ్ళే చెప్తున్నారు టీచరుగారూ. తప్పు చెప్తే ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఆ రోజుల్లోనే పెద్దాసుపత్రి చర్మ విభాగానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. ఓపిగ్గా చూసింది, పుస్తకాలు తిరగేసింది, గట్టి మాత్రలు రాసింది. "కాలేయాన్ని కనిపెట్టుకుని వాడాలి. దురద ఎంతుందో నాకు కనపడదు, మీరు చెప్తేనే తెలుస్తుంది" అంది. నెలనెలా వెళ్ళాడు. ఎనిమిదో నెలలో కళ్ళు పసుపు పచ్చగా తిరిగాయి. అన్నం చూస్తే వాంతి. ఆసుపత్రిలో పడుకోబెట్టారు.

డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడి టీచరుతో చెప్పింది. "రక్తంలో అంకెలు పెరుగుతున్నాయని నాకు ముందే తెలుసమ్మా. ఆపేద్దామనే అనుకున్నాను. కానీ గుణం కనిపిస్తోంది కదా అని ఇంకొన్నాళ్ళు చూశాను."

"ఏం గుణం?"

"దురద పావు వంతు తగ్గిందని ప్రతి నెలా చెప్పారు."

టీచరు మంచం వైపు తిరిగింది. ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"డాక్టరుతో కూడానా?" అంది. "మీకేమైనా మతి ఉందా?"

"ఆవిడ రెండు రోజులు పుస్తకాలు చూసి రాసింది టీచరుగారూ. ఏమీ తగ్గలేదని మొదటి నెల చెప్పబోయాను. పాపం, పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది."

"అందుకని చచ్చిపోతారా?"

ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు.

"ఆ డ్రిల్లు మాస్టారు వీపు కాల్చినప్పుడూ ఇంతే. ఆయన కోసం ఈయన బొబ్బలెక్కాలి! ఎందుకండీ?"

"ఆయన గుమ్మం నెలకి ఒక్కసారి నేనే ఎక్కేవాణ్ణి. ముందురోజు నుంచీ వెల్లుల్లి ఒలిచి పెట్టుకునేవాడు. వద్దని ఎలా అనను?"

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాస్తున్నట్టు తల వంచుకుంది. తల ఎత్తకుండానే అంది: "ఇకనుంచి నాతో ఒకే ఒక్క షరతు. తగ్గకపోతే తగ్గలేదనాలి. నేను ఏడవను. ఏడ్చినా మీకు కనపడనివ్వను."

మాత్రలు ఆపారు. రెండు నెలలకు కళ్ళు తెల్లబడ్డాయి. దురద మాత్రం చెక్కుచెదరలేదు. తెల్ల ఆయింట్‌మెంటు ఇచ్చి, మూడు నెలలకోసారి వస్తే చాలంది డాక్టరమ్మ.

ఒకరోజు మందుల దుకాణంలో ఎదురై ఆవిడే టీచరుని అడిగింది. "మీ ఆయన ఒంట్లో బాగానే ఉందా? ప్రతి గురువారం మా వరండాలో కనిపిస్తారు. లోపలికి మాత్రం రారు."

గురువారం సగం రోజు సెలవని ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మళ్ళీ ఏ మందు మింగుతున్నాడో, ఎవరి మాట విన్నాడో! ఆ గురువారం పిల్లలకు భాగహారాలు ఇచ్చి, హెడ్‌మాస్టరుకి తలనొప్పని చెప్పి, ఆసుపత్రికి వెళ్ళింది.

చర్మ విభాగం వరండాలో పొడుగాటి బల్ల. కొత్తగా వచ్చినవాళ్ళకు గురువారమట. ఎనిమిది మంది ఒకరికొకరు దూరం దూరంగా, తలలు వంచుకుని, చేతులు కొంగుల్లో, చొక్కా చేతుల్లో దాచుకుని కూర్చున్నారు. మధ్యలో మీటరాయన. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, మచ్చలన్నీ అందరికీ కనపడేలా చాచి పెట్టాడు. టీచరు స్తంభం పక్కన ఆగింది.

"వెల్లుల్లి జోలికి వెళ్ళకండి," అంటున్నాడు. "తొమ్మిది రోజులు బోర్లా పడుకున్నాను. ఇదిగో, ఈ మచ్చ దానిదే. దురదది కాదు."

"మా పక్కింటాయన కిరసనాయిలు..." అన్నాడొకతను.

"ముట్టుకోవద్దు. పగుళ్ళలోకి దిగితే ప్రాణం పోతుంది. సిర్కా అంతే. ఏటి మట్టితో హాని లేదు, లాభమూ లేదు. సీసాల్లో అమ్మే నల్ల నూనె ఉంది చూశారూ, నాకు కాళ్ళు వాచాయి. ఎవరైనా ఇస్తే దండం పెట్టి తీసుకోండి, పూసుకోవద్దు."

"మరి పనిచేసేదేంటండీ?"

టీచరు స్తంభం చాటు నుంచి ముందుకు వంగింది.

"నాకింకా దొరకలేదు," అన్నాడు మీటరాయన. "చల్లటి నీళ్ళు, మెత్తటి నూలు బట్ట, లోపల డాక్టరమ్మ ఇచ్చే తెల్ల ఆయింట్‌మెంటు. వాటితో రోజు గడుస్తుంది. పద్నాలుగేళ్ళుగా గడుపుతున్నాను. ఆవిడకి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను చెప్పక చావు దాకా వెళ్ళొచ్చాను."

వరండా తుడుస్తున్న ఆయాను టీచరు నెమ్మదిగా అడిగింది. "ఈయన ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు?"

"ఏడేళ్ళయిందమ్మా. ఎవరేం మందు చెప్పినా ముందు తను పూసుకుని చూసి, వచ్చి వీళ్ళకి చెప్తాడు. తలతిక్క మనిషి."

తల ఎత్తిన మీటరాయనకు భార్య కనపడింది. దొంగలా చొక్కా చేతులు దించేసుకున్నాడు.

"నలభై మూడూ ఇందుకేనా?" అంది టీచరు.

"ఎవరో ఒకరు పూసుకుని చూడాలి కదా టీచరుగారూ. నా తోలు ఎలాగూ పాడైందేగా."

అరవడానికే వచ్చింది ఆవిడ. అరవాల్సిన మాటలు దారిలో వరస పెట్టుకుంది కూడా. అవన్నీ వదిలేసింది. వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

బల్ల చివర శాలువా కప్పుకున్న అమ్మాయి అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మెడ దాకా ఎర్రటి దద్దుర్లు. టీచరు వైపే చూస్తూ మెల్లిగా అడిగింది.

"మీరు ఈయన భార్యా?"

"అవునమ్మా. నా ఖర్మ."

"మీకు... అంటుకోలేదా ఆంటీ? మా ఇంట్లో నా కంచం, గ్లాసు వేరు చేశారు. మా బాబుని ఎత్తుకోనివ్వడం లేదు."

టీచరు గాజులు పైకి తోసి రెండు చేతులూ ఆ అమ్మాయి ముందు చాచింది. "బాగా చూడు. పద్నాలుగేళ్ళు ఈయన వీపుకి పూసిన చేతులివి. ఒక్క మచ్చ చూపించు. అంటుకునేదైతే ఈయన ఓపిక అంటుకోవాలి ముందు. అదీ అంటుకోలేదు. కావాలంటే మా పిల్లల్ని అడుగు, తరగతిలో ఎలా అరుస్తానో!"

ముందు కిరసనాయిలు మనిషి నవ్వాడు. తర్వాత బల్లంతా. నర్సు తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఏంటా నవ్వులు? ఇది చర్మరోగాల విభాగం, తెలుసా?" అంది. దాంతో ఇంకా నవ్వారు.

అమ్మాయి ఒళ్ళో నీళ్ళ సీసా ఉంది. టీచరు చెయ్యి చాచి అందుకుంది. అమ్మాయి కంగారుగా "అది నేను తాగిందండీ!" అంటుండగానే, మూతి పెట్టి, గుటగుటా సగం తాగేసింది.

"చల్లగా ఉన్నాయే! ఏ కుళాయి దగ్గర పట్టావు?"

"అదిగో... అటు, మెట్ల పక్కన," అంది అమ్మాయి. సీసా వైపు, టీచరు మొహం వైపు మార్చి మార్చి చూస్తోంది.

"నీ పిలుపు రావడానికి ఇంకా టైముంది. పద, నింపుకొద్దాం. సాయంత్రం మీ ఇంటికి కూడా వస్తాను. ఆ గ్లాసు వేరు చేసిందెవరో నాకు చూపించు చాలు, లెక్క నేను చెప్తాను."

ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్ల వైపు నడిచారు. శాలువా అమ్మాయి భుజం మీంచి జారిపోయినా, ఆమె సర్దుకోలేదు.