మెడ కింద చెయ్యి

మా ఊళ్లో సగం మంది ఈ లోకంలోకి వచ్చి మొదట విన్నది పెద్ద నర్సమ్మ అరుపే. చర్చి ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆవిడ ముప్ఫై అయిదేళ్లుగా ఉన్నారు. కంచు గొంతు, మొదలంటా కత్తిరించిన గోళ్లు, సబ్బుతో తోమి తోమి గరుకెక్కిన చేతులు. డాక్టర్లు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు. కాన్పుకు ముందు బొటనవేలితో తన అరచేతిలోనే చిన్న సిలువ గీసుకుంటారు. అంతకు మించి ఆవిడ ప్రార్థన ఎవరికీ వినిపించదు. బొమ్మల గురించి ఆవిడకు ఓనమాలు తెలియవు. అయినా నాకు బొమ్మ వేయడం నేర్పింది ఆవిడే.

నేను చిత్రకారుణ్ణి. నలభై ఏళ్లుగా చర్చిలకు పటాలు వేస్తున్నాను. వినయం నా ఒంటికి పడదు కనుక ఉన్నమాట చెబుతాను: మరియమ్మ ముఖం నాలాగా వేసేవాడు చుట్టుపక్కల లేడు. కాన్పుల వార్డులో మంచాలకు ఎదురుగోడకు తల్లీబిడ్డల పటం కావాలని ఫాదర్‌గారు అడిగితే రెండు నెలలు కూర్చుని వేశాను. సోమవారం గోడకెక్కించి తెర కప్పాం. ఆదివారం ఆశీర్వదించి తెర తీయాలి. మంగళవారం పొద్దున నర్సమ్మ మందుల ట్రే చేత్తో పట్టుకునే వచ్చి, ఎవరినీ అడక్కుండా తెర ఎత్తి చూశారు.

“బిడ్డ వయసెంత?” అన్నారు.

“ఇప్పుడే పుట్టాడమ్మా.”

“పుట్టిన పూటే తల నిలబెట్టేశాడా? ఈవిడ నడుం పట్టుకుని కూర్చోబెట్టింది. ఇలా పట్టుకుంటే మెడ వెనక్కి వాలిపోతుందయ్యా!”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఆయన దేవుడమ్మా. ఆయన మెడ నిలుస్తుంది,” అన్నాను.

“దేవుడు మనిషిగా పుట్టాడని ప్రతి ఆదివారం చర్చిలో పైకి చెప్తావు కదా. మనిషి బిడ్డంటే మెడ నిలవని బిడ్డే. తన తల ఇంకొకరి అరచేతిలో పెట్టడానికి ఆయనే ఒప్పుకున్నాడు. వద్దనడానికి నువ్వెవరివి?” ట్రే కిటికీలో పెట్టి మళ్లీ మాట అందుకున్నారు. “పైగా నా వార్డులో తొలి కాన్పు అమ్మాయిలే ఎక్కువ. నోరు నొప్పెట్టేలా నేను చెప్పేదంతా నీ పటం ఒక్క చూపులో చెరిపేస్తుంది. మరియమ్మ తల్లే ఇలా పట్టుకుంది కదా అంటారు. ఇది ఇక్కడ ఉండడానికి వీల్లేదు.”

ఫాదర్‌గారు పరుగున వచ్చారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. “ఆదివారం దాటనివ్వండమ్మా, తర్వాత చూద్దాం,” అన్నారు. నర్సమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. నా చేతుల వైపు చూశారు.

“నీ కూతురు పుట్టింది ఇక్కడే. ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డావు. మర్చిపోయాననుకున్నావా?”

మర్చిపోయి ఉంటే బాగుండేది. ఆ రోజు నాకు భయమేసింది. జారిపోతుందేమో, ఏదైనా విరిగిపోతుందేమో అని ఆరు నెలలు నిండేదాకా కూతుర్ని ఎత్తుకోలేదు. చేతులకు రంగులున్నాయని సాకు చెప్పాను. మా ఆవిడ నమ్మినట్టు నటించింది. ఆ ఆరు నెలలు తిరిగి రావని ఈ రోజుకీ బాధపడతాను. ఇప్పుడా కూతురే ఐదో నెల కడుపుతో ఉంది.

“మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి. బిడ్డను వేయడానికి ఒప్పుకున్నావుగా, పట్టు,” అన్నారు నర్సమ్మ. నా చేతులు మోచేతుల దాకా కడిగించారు. నాలుగో మంచం మీది తల్లిని అడిగి, ఆమె మూడు రోజుల పసికందును తెచ్చి, నా అరచేతిని మెడ కిందకు తోశారు. “వేళ్లు విప్పు. బిగించకు. మోచెయ్యి పైకి.”

తల మొత్తం అరచేతిలోకి వచ్చి కూర్చుంది. మోచెయ్యి లేవగానే భుజం ముందుకొచ్చింది, నా తల దానంతటదే వంగింది. వంగాక బిడ్డ తప్ప ఇంకేమీ కనబడలేదు. అప్పుడు అర్థమైంది నా తప్పు ఎంతదో. నలభై ఏళ్లుగా నా మరియమ్మలందరూ ఫొటోకు కూర్చున్నట్టు చూసేవాళ్ల వైపే చూస్తున్నారు. చేతిలో పసిబిడ్డ ఉన్న మనిషికి అంత తీరిక ఎక్కడిది?

పటం దింపించాను. నాలుగు రోజులు బ్రష్షు వదల్లేదు. ఏ ముఖం చూసుకుని మురిసిపోయానో దాన్నే చెరిపేసి, నుదురూ కనురెప్పలూ మాత్రమే కనిపించేలా ఆమె తల వంచాను. తల్లి చేతులు నర్సమ్మవే, కత్తిరించిన గోళ్లతో సహా. ఆదివారం రంగు తడి ఆరకముందే తెర తీశారు. “ముఖం సరిగా కనబడటం లేదే,” అని ఫాదర్‌గారు నసిగారు. నర్సమ్మ దగ్గరికి వెళ్లి, బిడ్డ మెడ కింద వేళ్లు లెక్కపెట్టి, “ఇక ఉండనివ్వండి,” అన్నారు. అంతకు మించిన మెప్పు నాకు ఎవరి దగ్గరా దొరకలేదు.

నాలుగు నెలల తర్వాత, ఒక పొద్దున పదకొండింటికి, వార్డు తలుపు తెరుచుకుంది. నర్సమ్మ గుడ్డలో చుట్టిన నా మనవరాలితో బయటికొచ్చారు. ఆవిడ నోరు తెరవకముందే నా చేతులు ముందుకొచ్చాయి. మెడ కింద అరచెయ్యి, మోచెయ్యి పైకి.

“అబ్బో! ఎవరు నేర్పారయ్యా?” అన్నారు ఆవిడ నవ్వుతూ.

ఆవిడ వైపు చూసి జవాబు చెప్పాలనుకున్నాను. తల ఎత్తలేకపోయాను.